ఏ రోజు బలం ఆ రోజుకే

రెక్కాడితేగాని డొక్కాడదంటారు. తాండాలో పుట్టినవాళ్లకు ఈ సామెతను విడమరచి చెప్పనక్కర్లేదు. పొద్దున్నే కూలికి పోతేనే సాయంత్రం పొయ్యి వెలుగుతుంది. నిన్న చేసిన పని నిన్నటి తిండికే సరి. రేపటి పని రేపు వెతుక్కోవాలి. మా యాడి, బా ఇద్దరూ అట్లాగే బతికారు. ఆ రోజుకూలి డబ్బులతోనే నన్ను చదివించి టీచర్ని చేశారు.

మనసుకు, ఆత్మకు కావలసిన బలం కూడా రోజుకూలి లాంటిదేనని నేను నమ్ముతాను. అది ఒక్కసారే మూటగట్టి ఇచ్చే ఆస్తి కాదు. ఏ రోజుది ఆ రోజు అడిగి తెచ్చుకోవాలి. ఈ సంగతి నాకు క్రైస్తవ విశ్వాసంలో దొరికింది. ఇంటర్ చదివే మన పిల్ల ఒకామె ఈ మధ్య నన్ను అడిగింది: "మేడమ్, మీరు రోజూ పొద్దున్నే బైబిలు ముందట పెట్టుకుని కూర్చుంటరు గదా, ఒక్కసారి నమ్ముకుంటే సరిపోదా?" మంచి ప్రశ్న. ఆ ప్రశ్న మన యువతలో చాలామందికి ఉంది. తోటి ఉపాధ్యాయులకూ ఉంది. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నేను క్రైస్తవ కుటుంబంలో పుట్టలేదు. మా ఇంట్లో సేవాలాల్ మహరాజ్‌కు, మేరమా యాడికి భోగ్ పెట్టేవాళ్లు. శివరాత్రి వస్తే ఏడుపాయల జాతరకు పోయేవాళ్లం. మంజీర ఏడు పాయలుగా చీలే చోట వనదుర్గమ్మ గుడి, ఆ బండరాళ్లు, ఆ జనం ఇప్పటికీ నా కళ్లముందే ఉంటాయి. తర్వాత ఉపాధ్యాయ శిక్షణ కోసం హవేలీ ఘన్‌పూర్ డైట్‌లో చేరాను. సెలవు రోజు మెదక్ పట్టణానికి వచ్చి, రాందాస్ చౌరస్తాలో కావలసినవి కొనుక్కుని, తోటి విద్యార్థిని ఒకామె వెంట చర్చికి పోయేదాన్ని. మొదట అందరిలాగే చూడటానికి పోయాను. కొన్నాళ్లకు వెనక వరుసలో కూర్చుని వినడం మొదలైంది. నన్ను కట్టిపడేసింది అద్భుతాల కథలు కావు. రోజు గడవడం కష్టమైన మనుషులతో ఆ గ్రంథం మాట్లాడే తీరు నన్ను ఆపింది.

ముఖ్యంగా నిర్గమకాండంలోని మన్నా కథ. ఐగుప్తులో బానిసలుగా వెట్టిచాకిరీ చేసిన జనం బయటపడి ఎడారిలో నడుస్తుంటారు. ఆకలికి తాళలేక సణుగుతారు. తెల్లవారి మంచు ఆరిపోయాక నేల మీద సన్నని పలుకుల్లా ఆహారం కనిపిస్తుంది. దానికొక నియమం ఉంది. ఇంట్లో ఎంతమంది ఉంటే అంతమందికి, ఆ రోజుకు సరిపడా మాత్రమే ఏరుకోవాలి. కొందరు రేపటికని దాచిపెట్టారు. తెల్లారేసరికి అది పురుగుపట్టి కంపుకొట్టింది. విశ్రాంతి దినానికి ముందు రోజు మాత్రం రెండింతలు ఏరుకోవచ్చు. ఇట్లా 40 ఏళ్లు నడిచింది. ఎక్కువ ఏరినవాడికి మిగల్లేదు, తక్కువ ఏరినవాడికి తక్కువ కాలేదు. యేసు తన శిష్యులకు నేర్పిన ప్రార్థనలో కూడా ఆ రోజు తిండినే అడగమన్నాడు. గాదెలు నిండాలని అడగమనలేదు. కూలి చేసుకునే ఇంట్లో పుట్టిన నాకు ఆ ప్రార్థన ఎవరూ అర్థం చెప్పకుండానే అర్థమైంది.

ఇది మనకు కొత్త సంగతేమీ కాదు. తీజ్ పండుగనే చూడండి. శ్రావణంలో పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో మట్టిపోసి గోధుమలు చల్లుతారు. తొమ్మిది రోజులు పాటలు పాడుతూ నీళ్లు పోస్తారు. తొమ్మిది రోజుల నీళ్లు మొదటి రోజే కుమ్మరిస్తే ఏమవుతుంది? గింజ కుళ్లిపోతుంది. రెండు రోజులు మరిచిపోతే? మొలక వాడిపోతుంది. తొమ్మిదో రోజున తలల మీద పచ్చని బుట్టలు కనిపిస్తాయంటే, ఆ పచ్చదనం వెనక తొమ్మిది పొద్దుల నీళ్లున్నాయి. నా చిన్నప్పుడు నేనూ ఆ బుట్టలు మోశాను. ప్రార్థన రోజూ ఎందుకని ఎవరైనా అడిగితే నేను ముందు చెప్పేది తీజ్ బుట్ట గురించే.

మెదక్‌లో ఉన్నవాళ్లకు ఈ సంగతి రాయిలో కూడా కనిపిస్తుంది. మన చర్చిని చూడటానికి దేశమంతటి నుంచి వస్తారు. 100 అడుగుల వెడల్పు, 200 అడుగుల పొడవు, 175 అడుగుల గోపురం. లెక్కలు అందరూ చెప్తారు. కట్టిన కాలం గురించి తక్కువమంది ఆలోచిస్తారు. వెస్లియన్ మిషన్‌కు చెందిన చార్లెస్ వాకర్ పాస్నెట్ ఆధ్వర్యంలో 1914లో పని మొదలైంది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. మధ్యలోని ఆ పదేళ్లు ఎట్లాంటివి? మొదటి ప్రపంచ యుద్ధం, 1918లో ఊళ్లను ఊడ్చేసిన ఇన్‌ఫ్లుయెంజా, పైన కరువు. ఆకలితో వచ్చిన జనానికి ఊరికే తిండి పెట్టకుండా, పని ఇచ్చి తిండి పెట్టాలని పాస్నెట్ అనుకున్నాడు. చెయ్యిచాపిన మనిషికి పని ఇస్తే, తిండితో పాటు గౌరవం కూడా దక్కుతుంది.

రాళ్లు మోసిన ఆ ఆడవాళ్లు, మగవాళ్లు గోపురం ఎంత ఎత్తుకు పోతుందో ఆలోచిస్తూ బతికి ఉండరు. ఆ పొద్దు తట్ట ఎత్తారు, ఆ పొద్దు తిన్నారు, మరుసటి పొద్దు మళ్లీ వచ్చారు. పదేళ్లు అట్లా వచ్చినందుకు అంత ఎత్తు లేచింది. 2024లో నూరేళ్ల పండుగ జరిగినప్పుడు ఆ జనసందోహంలో నిలబడి నేను తలచుకున్నది పేరులేని ఆ కూలీలనే. రోజుకు సరిపడా బలం అడగమంటే చిన్న ఆశలు పెట్టుకోమని కాదు. పెద్ద పనులు కూడా రోజుకింత చొప్పునే పూర్తవుతాయి.

లోపల ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపొందించిన మూడు రంగుటద్దాల కిటికీలున్నాయి. క్రీస్తు పుట్టుక, సిలువ, పరలోకానికి ఆరోహణం. పగలు వెళ్తే ఎరుపు, నీలం వెలుగులు నేలంతా పరుచుకుంటాయి. పొద్దుగూకాక లోపల నిలబడి చూస్తే అవే అద్దాలు నల్లగా ఉంటాయి. బొమ్మ ఎక్కడికీ పోదు. వెలుగు మాత్రం ప్రతి ఉదయం కొత్తగా రావాలి. మా బడిపిల్లలను తీసుకుపోయినప్పుడు ఈ ఒక్క సంగతి చూపిస్తే వాళ్లకు చాలు, నేను వేరే పాఠం చెప్పను.

ఇక మనుషుల సంగతి. మా కాకా కొడుకు, నాకు తమ్ముడు. కల్లుకు, గుడుంబాకు బానిసైపోయాడు. తాండాల్లో ఈ కథ తెలియని ఇల్లు లేదు. కూలి డబ్బులు ఇంటికి రావు, పిల్లల పుస్తకాలకు పైసా ఉండదు, రాత్రిళ్లు గొడవ. అతడు రెండుసార్లు ప్రార్థన కూడికల్లో అందరి ముందు లేచి నిలబడి, ఇక జన్మలో ముట్టనని ఒట్టు పెట్టాడు. రెండుసార్లూ నెల తిరగకముందే ఒట్టు తప్పింది. చివరికి మా ఇంటికొచ్చి గడపలోనే కూలబడ్డాడు. "బాయీ, నాతోని కాదు. దేవుడు గూడ నన్ను ఇడిసిపెట్టిండు" అన్నాడు.

"జన్మంతా సంగతి మనకెందుకురా? ఇయ్యాల ఒక్క రోజు తాగకుండ ఉంటవా?" అని అడిగాను.

చాలాసేపు ఆలోచించి, "ఇయ్యాల అంటే ఉంట" అన్నాడు.

మరుసటి రోజే అతణ్ణి ప్రభుత్వ ఆస్పత్రికి తీసుకుపోయాం. ఈ మాట ఇక్కడ గట్టిగా చెప్పాలి. ఏళ్ల తరబడి బాగా తాగినవాళ్లు ఒక్కసారిగా మానేస్తే ఒళ్లు వణుకుతుంది, ఫిట్స్ వస్తాయి, ప్రాణం మీదికి కూడా రావచ్చు. 2015లో కల్తీ కల్లు దొరకక మన జిల్లాల్లో ఎంతోమంది పిచ్చెత్తినట్టు ప్రవర్తిస్తూ, ఫిట్స్‌తో ఆస్పత్రులకు చేరిన సంగతి మరిచిపోవద్దు. ప్రార్థన చేస్తున్నాం కదా, డాక్టరు ఎందుకనేది విశ్వాసం కాదు. సువార్త రాసిన లూకాను పౌలు ప్రియమైన వైద్యుడనే పిలిచాడు. మందు మానిపించే చోట డాక్టరు, మళ్లీ పట్టుకోకుండా ఆపే చోట మనుషుల తోడు, దేవుని తోడు, ఈ మూడూ కావాలి.

ఆస్పత్రి నుంచి వచ్చాక ప్రతి పొద్దున అయిదున్నరకు నాకు ఫోన్ చేసేవాడు. రెండు నిమిషాలు ప్రార్థన. ఆఖరికి ఒకటే మాట: "ఇయ్యాల తాగ." అంతే. నాలుగో నెలలో ఒక పెళ్లిలో తప్పాడు. ఇక ఫోన్ రాదనుకున్నాను. మరుసటి పొద్దున అదే వేళకు ఫోన్ మోగింది. ఏడుస్తూనే, "బాయీ, ఇయ్యాల తాగ" అన్నాడు. యెరూషలేము పట్టణం కూలి బూడిదైన రోజుల్లో రాసిన విలాపవాక్యాలలో, దేవుని దయ ప్రతి ఉదయం కొత్తగా పుడుతుందనే మాట ఉంది. ఆ మాట శిథిలాల మధ్య ఎందుకు రాశారో నాకు ఆ పొద్దున తెలిసింది. నిన్న పడిపోయినవాడికి ఇవాళ్టి వాటా ఆగిపోదు. ఈ సంగతి తెలియక ఎంతమంది మన తమ్ముళ్లు, ఒకసారి తప్పాం కాబట్టి ఇక అంతే అనుకుని మునిగిపోయారో! మా తమ్ముడు మానేసి నాలుగేళ్లు దాటింది. ఎవరైనా ఎన్నాళ్లైందని అడిగితే మాత్రం ఇప్పటికీ "ఇయ్యాల తాగలే" అనే చెప్తాడు.

తోటి ఉపాధ్యాయులకు ఒక మాట. మన పనిలో అలసట వేరే రకం. నేను తాండా బడిలో ఒక్కదాన్నే అయిదు తరగతులకు చెప్పిన రోజులున్నాయి. ఇంట్లో గోర్ బోలి తప్ప వేరే భాష ఎరగని పిల్లకు తెలుగు అక్షరాలు దిద్దించి, మాట పలికించి, ఇప్పుడిప్పుడే దారికి వస్తోందనుకుంటుండగా తల్లిదండ్రులు చెరుకు నరకడానికి వలసపోతారు. పిల్ల కూడా బండెక్కుతుంది. తిరిగొచ్చేసరికి మళ్లీ మొదటి అక్షరమే. ఇట్లా ఏడాది తర్వాత ఏడాది జరిగితే ఎవరికైనా, ఎందుకీ చాకిరీ అనిపిస్తుంది. అట్లాంటి సాయంత్రాలు నాకు ఏలీయా ప్రవక్త గుర్తొస్తాడు. అంత పెద్ద ప్రవక్త, రాణికి భయపడి ఎడారికి పారిపోయి, ఒక చెట్టు కింద పడుకుని, ఇక చాలు, నా ప్రాణం తీసుకో అన్నాడు. దేవుడు అతణ్ణి తిట్టలేదు, ఉపదేశం చెయ్యలేదు. నిద్రపోనిచ్చాడు. దూత వచ్చి తట్టిలేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. మళ్లీ నిద్రపోనిచ్చాడు. మళ్లీ తిండి పెట్టాడు. ప్రయాణం చాలా దూరం కాబట్టి తినమన్నాడు. మాటలు ఆ తర్వాతే.

నిద్ర, తిండి, నీళ్లు కూడా దేవుడిచ్చే బలంలో భాగమేనని ఈ కథ చెప్తుంది. రాత్రి పదకొండు దాకా మెలకువగా ఉండి, పొద్దున తినకుండా బడికొచ్చి, పిల్లల మీద విసుక్కుని, నాకు విశ్వాసం తగ్గిందని బాధపడే టీచరమ్మలను చూశాను. వాళ్లతో నేను చెప్పేది, ముందు కడుపునిండా తిని నిద్రపోండమ్మా అని. పొద్దున్నే లేచాక ప్రార్థన చేసుకోవచ్చు.

ఇప్పుడు కష్టమైన ప్రశ్న. చర్చికి పోతే మనం మన జాతికి దూరమైనట్టేనా? మా తాండా పెద్దమనిషి ఒకాయన తీజ్ రోజు అందరి ముందు అన్నాడు, "చర్చికి పోయేదానికి తీజ్ బుట్టలతో పనేంది?" అని. "కాకా, నేను ఈ తాండా బిడ్డను కానా?" అని మాత్రమే అడిగాను. ఆయన జవాబు చెప్పలేదు, వెళ్లిపొమ్మని కూడా అనలేదు. ఇప్పటికీ ఆడపిల్లల పక్కన నిలబడి పాటలు పాడుతాను. పూజ దగ్గర మాత్రం పక్కకు జరుగుతాను. గీత ఎక్కడ గీసుకోవాలో ప్రతి విశ్వాసి తన మనస్సాక్షితో తేల్చుకోవాలి. నా గీత ఇది. ఫిబ్రవరి 15న సేవాలాల్ జయంతికి బడిలో ఆయన గురించి మాట్లాడేది నేనే. మత్తుకు దూరంగా ఉండమని మన పెద్దలకు చెప్పిన మనిషి గురించి చెప్పడానికి నా విశ్వాసం అడ్డురాదు.

చట్టం సంగతి కూడా యువత తెలుసుకోవాలి, ఎందుకంటే దీని మీద అబద్ధాలు ప్రచారంలో ఉన్నాయి. షెడ్యూల్డ్ కులాల విషయంలో 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో మతం షరతు ఉంది. షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో అట్లాంటి షరతు లేదు. కాబట్టి చర్చికి పోయినంత మాత్రాన గిరిజనుడు గిరిజనుడు కాకుండా పోడు. అయితే కాగితం మీద గుర్తింపు నిలిచినంత మాత్రాన మన భాష, పాట నిలవవు. వాటిని మనమే నిలుపుకోవాలి.

విశ్వాసానికి, మన బతుకు తీరుకు పొత్తు కుదరదనేది చరిత్రలో కూడా నిజం కాదు. గోదావరి ఒడ్డున దుమ్ముగూడెంలో కోయల మధ్య ఏళ్ల తరబడి పనిచేసిన మిషనరీ జాన్ కెయిన్ కోయ భాష నేర్చుకున్నాడు. సువార్త భాగాలు 19వ శతాబ్దంలోనే కోయ భాషలోకి వచ్చాయి. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య, దోర్నకల్‌లో పెద్ద దేవాలయం కట్టించినప్పుడు ఇంగ్లండు నమూనా తెచ్చిపెట్టలేదు. మన గుడుల, మసీదుల కట్టడాల పోలికలు కలిపి కట్టించాడు. 1939లో దాన్ని ప్రతిష్ఠించారు. నేను కూడా నా ప్రార్థన గోర్ బోలిలోనే చేసుకుంటాను. తెలుగులో చేసేటప్పుడు మాటలు వెతుక్కుంటాను. యాడి దగ్గర నేర్చుకున్న భాషలో అయితే ఏడుపు, నవ్వు రెండూ తమంతట అవే వస్తాయి.

ఇంకో జాగ్రత్త కూడా చెప్తాను. నమ్ముకుంటే ఉద్యోగం వస్తుంది, అప్పు తీరిపోతుంది, కారు వస్తుంది అని ఆశపెట్టేవాళ్లుంటారు. కానుక ఇస్తే రోగం పోతుందనేవాళ్లుంటారు. పేదవాడి ఆకలితో బేరం చేసే మాటలవి. పౌలు కొరింథువాళ్లకు రాసిన రెండో పత్రికలో, బయటి మనిషి కృశించిపోతున్నా లోపలి మనిషి రోజురోజుకు కొత్తవాడవుతున్నాడని చెప్పుకున్నాడు. దెబ్బలు తిని, జైళ్లు చూసి, ఆకలి పడ్డవాడు చెప్పిన మాట అది. కష్టం రాదని ఆయన చెప్పలేదు. కష్టంలో లోపలి మనిషి పాతబడిపోడని చెప్పాడు.

ఇదంతా రోజువారీ ఎట్లా సాధ్యమని అడిగేవాళ్ల కోసం నా పద్ధతి చెప్తాను. ఇందులో గొప్పేమీ లేదు. అయిదు గంటలకు లేచి, ముఖం కడుక్కుని, ఫోన్ ముట్టకుండా పది నిమిషాలు ఊరికే కూర్చుంటాను. తర్వాత ఒక కీర్తన, ఒక సువార్త భాగం చదువుతాను. అర్థం కాకపోతే మరుసటి రోజు అదే మళ్లీ చదువుతాను. ఆ తర్వాత, ముందురోజు బడికి రాని పిల్లల పేర్లు ఒక్కొక్కటే పలుకుతాను. హాజరు పట్టీయే నా ప్రార్థన పుస్తకం. పేరు పలికాక ఊరుకోవడానికి వీలుండదు. బడి అయ్యాక ఆ ఇంటికి పోవాల్సిందే. చివరగా ఆ రోజుకు కావలసిన ఓపిక అడుగుతాను. సోమవారం సోమవారానికే అడుగుతాను. పరీక్షల నెల గురించి, పదవీ విరమణ గురించి ఆ పొద్దున అడగను. కొన్ని ఉదయాలు మనసుకు ఏమీ తెలియదు, మాటలు పొడిగా ఉంటాయి. అయినా కూర్చుంటాను. మొలక కనిపించని మొదటి మూడు రోజులు కూడా తీజ్ బుట్టలో నీళ్లు పోస్తాం కదా.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీరు నా విశ్వాసంలోకి రావాలని ఈ వ్యాసం రాయలేదు. అది మీకూ దేవునికీ మధ్య సంగతి. పరీక్ష తప్పినా, ఉద్యోగం దొరకకపోయినా, ఇంట్లో గొడవలు పడలేకపోయినా, మొత్తం బతుకును ఒక్క రాత్రిలో లెక్కకట్టి, ఇక నావల్ల కాదని తేల్చేయకండి. మొత్తం బతుకుకు సరిపడా బలం ఎవరి దగ్గరా నిల్వ ఉండదు. నా దగ్గరా లేదు. తెల్లారనివ్వండి. ఎవరితోనైనా మాట్లాడండి. కడుపుకు ఇంత తినండి. ఆ ఒక్క రోజుకు కావలసింది అడగండి. ఇరవై ఏళ్లకు పైగా అడుగుతున్నాను. కొన్నిసార్లు కొలిచినట్టు సరిగ్గా ఆ రోజుకే వచ్చింది, చెంచాడు కూడా మిగల్లేదు. కానీ రాని రోజు లేదు.